చుక్కల గోలెం

మొన్న ఓట్లప్పుడు చీటీ పట్టుకొని బడికాడికి పోయిన. ఆడ కూసున్న సారు చీటీ జూసిండు, నన్ను జూసిండు, మల్ల చీటీ జూసిండు.

"తాతా, నీ కొడుకు చీటీ తెచ్చినవ్. పోయి నీది తేపో."

"నాకు కొడుకు లేడు సారూ. ఒక్కతే బిడ్డ. గా చీటీ నాదే."

"ఇండ్ల నలభై తొమ్మిదని ఉన్నది గదనే."

"అవు. నలభై తొమ్మిదే."

లైన్ల ఉన్న పక్క ఊరోళ్ళు నవ్విన్రు. మా ఈదులగట్టోళ్ళు నవ్వలే. తలకాయలు కిందికేసుకున్నరు. సారుకు ఎవలో చెవుల చెప్పిన్రు. ఆయన లేశి నిలవడి, నా ఏలు ఆయనే పట్టుకొని సిరా పెట్టిండు.

ఊర్లె ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చెప్పుకుంటున్నరు. దయ్యం పట్టిందని కొందరు, మేడం మందు పెట్టిందని కొందరు. అయింది అయినట్టు చెప్త. నేను నెమ్మదిగ చెప్త బిడ్డా పుష్పా, నువ్వు నెమ్మదిగనే రాయి.

మా ఊరి పక్కన గుట్ట కోసి రాయి తీసిన పెద్ద గుంత ఉండె. రాయి అయిపోయినంక ఆ క్వారీల చుక్కల ఆఫీసు పెట్టిన్రు. అసలు పేరు ఏదో పొడుగ్గ ఉంటది, మా నోటికి తిరగది. ఆడికి పెద్ద మేడం కాత్యాయని మేడం. యాభై ఏండ్లుంటయి. చెప్పులకు ఎప్పుడూ రాతిదుమ్మే.

ఆమె ఒకనాడు మా ఇంటికచ్చింది. నేను సారె తిప్పుకుంట కుండ చేస్తున్న. కొమురవ్వ మట్టి తొక్కుతున్నది. కొమురవ్వంటే నా పెండ్లాం, పుష్ప తల్లి. గప్పటికి నాకు నలభై ఎనిమిది, ఆమెకు నలభై నాలుగు. మా దిక్కు కుండలు చేసేటోళ్ళం మేమిద్దరమే మిగిలినం. బోనాలప్పుడు, పెండ్లిళ్ళప్పుడు తప్ప ఎవలూ కొనకపోయేది.

మేడం ఒక రంజను తీసుకొని ఏలితోని టంగుమని కొట్టి ఇన్నది. "నా నడుమెత్తు గోలెం కావాలె ఉప్పలయ్య గారూ. గోడ ఏలు మందమే ఉండాలె. చుట్టూ పన్నెండు సందులు పెట్టాలె" అన్నది.

"ఎందుకు మేడం, కల్లు పోస్తరా?" అన్నది కొమురవ్వ.

"కాదమ్మా. చుక్కలు పోస్తం."

మేడం పోయినంక కొమురవ్వ కాలు కడుక్కుంట అన్నది: "పెద్ద సదువులు సదివితే గిట్లనే అయితది కావచ్చు. పాపం, మంచి మనిషే."

ఇనుముల పెడితే లోపటి ముచ్చట బయటికి ఇనరాదట. అద్దంల పెడితే సలికి పలుగుతదట. మట్టి ఒక్కటే సలి ఆపుతది, లోపటి సప్పుడు బయటికి ఇడుస్తది. ఏడు గోలేలు చేస్తే ఆరు పలిగినయి. ఏడోది నిలవడ్డది.

దాన్ని ఒక రేకుల షెడ్డుల, రాతిగోడకు మూరెడు ఎడంగ పెట్టిన్రు. అడుగున ఇత్తడి చుట్ట ఒకటి బిగించిన్రు. అదే మేడం కనిపెట్టింది. ఆ చుట్ట తిరిగితే గోలెంల కాలం ఉరుకుతది. బయట మనకు ఒక పూట అయితే లోపట లక్షల ఏండ్లు అయితయి. ఆకాశంల మనిషి బతుకుల కనపడని పని, గోలెంల కండ్లముంగట కావాలెనని ఆమె ఆశ.

లోపట గాలి నింపిన్రు. మామూలు గాలి కాదు, జంటలు జంటలుగ ఉండే గాలి. ఎచ్చదనం తగిలితే జంట ఇడిపోతది, ఇడిపోతే చుక్క పుట్టదు. అందుకే అంత సలి. ఆ గాలి ఏ మిషన్లకూ కనపడదు. దాన్ల చిటికెడు బొగ్గుగాలి కలిపిన్రు. కుంపటి పెట్టుకొని తలుపులేసుకుంటే మనుషుల్ని చంపుతది సూడు, అదే. అది మిషన్లకు ఇనపడతది. ఇది ఎటు పోతే అసలుది గూడ అటే ఉన్నట్టు లెక్క. టీవీల దాని గీత గుట్టలెక్క లేశేది.

మా ఇద్దరికి ఆడ్నే పనైంది. ఆ సలికి గోలెం గోడ సన్నగ నెర్రెలు వాస్తది. గంటగంటకు మెత్తటి బంకమట్టి పూసుకుంట, తడిగుడ్డతోని అద్దుకుంట ఉండాలె. పొద్దుగాల నేను, పగటీలి నుంచి కొమురవ్వ. పొద్దుమూకినంక మిషన్ నిలిపేది.

చానా దినాలు ఏం కనపడలే. ఒకనాడు పగటీలి కొమురవ్వ ఉరికచ్చింది. "ఓ అయ్యా, రా, రా! ఆవగింజంత ఉన్నది!"

సందుల నుంచి జూసిన. నల్లటి దాంట్ల నీలం మంట, ఆవగింజంతనే. దాని పక్కన ఇంకోటి. కొమురవ్వ ఊపిరి తీస్తలేదు. ఆమె చేతులకు మోచేతుల దాక మట్టి. "గిది మన మట్టిల పుట్టిందయ్యా" అన్నది. మా ఇద్దరికి అంతకంటె మంచి దినం మల్ల రాలే.

మేడం మాతోని కూసొని తింటాంటే అడిగిన, ఇదంత ఎందుకని. ఆమె పప్పుల అన్నం కలుపుకుంట చెప్పింది. మనముండే చుక్కల గుంపు ఊరసొంటిదట. ఇండ్లు దూరం దూరం, గాలి కొంచెం కొంచెం కర్సైతది, ఎన్నో కోట్ల ఏండ్లు అస్తది. ఇంకోతీరు గుంపులు ఉంటయట. ఊరంత సరుకు ఒక్క అర్రల కుక్కినట్టు. అవి మస్తు ఎలుగుతయి. మన దాంట్ల ఒక చుక్క పుట్టే యాళ్ళకు ఆండ్ల వందలు పుడతయి. ఎంబడే సరుకు ఒడుస్తది.

"ఎందుకు అంత తొందర పడతయో చూడాలె ఉప్పలయ్య గారూ" అన్నది.

"ఆకలైన పోరగాండ్లకు కుండ ముంగట పెడితే గంతే గద మేడం" అన్నది కొమురవ్వ. మేడం నవ్వింది. నవ్వినా ఆమె మొకం అలసినట్టే ఉండేది.

ఆకలంటే యాదికచ్చింది. ఆ దినాలల్ల మాకు తిన్న గంటకే మల్ల ఆకలయ్యేది. సలికేమోననుకున్నం. నాకు గడ్డం పెరుగుడు ఎక్కువైంది. మంగలి బక్కన్న నవ్వేది. "ఉప్పలయ్య మామా, మొన్ననే గద గీకింది! గడ్డానికేమన్న యూరియా ఏస్తున్నవా?"

"నీ కత్తికే ధార లేదురా" అనేది నేను.

షెడ్డు తలుపుకాడ గడియారం ఒకటుండె. పూటకు పది నిమిషాలు ముందుకు పోయేది. మేడం మూడుసార్లు దాని బ్యాటరీ మార్చింది. అంత సదువుకున్నామె గడియారాన్నే అనుమానపడ్డది గని, కాలాన్ని అనుమానపడలే. నేను ఆమెను తప్పువట్ట. నా గడ్డం నేను రోజు అద్దంల సూసుకుంటి గద.

మూడు నెలలు దాటినయి. కొమురవ్వ ఒక పలిగిన చిప్పల కొత్తిమీర ఇత్తులు ఏసి గోలెం పక్కన పెట్టింది. పది దినాలకు అది మొలిశి, పూసి, ఇత్తులు గట్టింది. ఆమె మురుసుకుంట మేడంకు సూపెట్టింది.

"మీ సలువకు ఎట్లచ్చిందో సూడు మేడం! ఇంటికి కొంచెం కొంటవోతవా?"

మేడం చిప్పను చేతిల పట్టుకున్నది. ఆమె మొకంల నెత్తురు లేదు. "ఎన్నడు ఏసినవమ్మా?" అన్నది.

"పోయిన శుక్కురారం గాక అటుముందటి శుక్కురారం."

మేడం గడియారం దిక్కు జూసింది. తర్వాత నా గడ్డం జూసింది. కొమురవ్వ పాపిట్ల తెల్లెంటికలు జూసింది. పోయిన ఎండకాలం అవి లెవ్వు. గప్పుడు సమజైంది ఆమెకు, మాకు గూడ చెప్పింది.

లోపట కాలం ఉరుకాలెనంటే అది ఏడికెల్లో రావాలె గద. దగ్గరున్న దాన్ల నుంచి గుంజుకుంటున్నది. చుట్టకు దగ్గరున్నకొద్ది ఎక్కువ గుంజుతది, దూరం పోతే అసలే లేదు. మాకు ఇద్దరికి మూడు నెలలల్ల తలా ఏడాది పోయింది. ఇప్పుడింకా జోరైంది. రోజు పది రోజుల్ని తింటున్నది.

"ఇయ్యాలనే బందుపెడదం" అన్నది మేడం. గని ఒక్కసారి బందుపెడితే లోపట ఉన్నదంత బయటికి తన్నుతది, ఊరంతటికి మోసం. చుట్టను కొద్దికొద్దిగ తగ్గించాలె. రాత్రి గూడ ఆపొద్దు. ఆరు దినాలు పడతది. ఆ ఆరు దినాలు గోలెం నెర్రె కొట్టొద్దు.

"నేనే పూస్త. మీరు ఇంటికి పోండి" అన్నది. పూసింది గూడ. ఆమె పూసిన మట్టి పెచ్చు గట్టి అట్లనే కింద పడ్డది. మల్ల పూసింది, మల్ల పడ్డది. కొమురవ్వ ఆమె చేతిలకెల్లి ముద్ద తీసుకున్నది.

"నీ చేత కాదు లే మేడం. నువ్వు పోయి నీ మిషన్ సూసుకో. ఆరు దినాలేనాయె. ఇద్దరం పంచుకుంటే తలా నెల పోతది. నెలంటే ఎంత, మామిడికాయ పండేంత సేపు."

నెలే. ఇది యాది పెట్టుకోన్రి.

నాకు ఒప్పలే. ఆ పని తెచ్చింది నేను. ఆమె ఇంట్ల కుండలు చేసుకుంట ఉంటనంటే, రమ్మన్నది నేను. ఇంకొక్క దినం గూడ ఆమె అండ్ల నిలవడొద్దని నా పంతం. మేడం రెండొందల గజాల దూరంల మిషన్ అర్రల కూసొని చుట్టను తగ్గిస్తున్నది. రెండోనాడు పగటీలి నాకు ఒక ఉపాయం దోసింది. ఎవ్వలకు దోసినా దోయకపోయినా, కుమ్మరోనికి అదే దోస్తది.

కుండల ఆవం కాల్చేటప్పుడు మంట చెయ్యిదాటితే మేమేం చేస్తం? సందులన్ని తడిమట్టితోని మూస్తం. గాలి ఆడదు, మంట చస్తది. మా నాయిన చేసిండు, మా తాత చేసిండు. గోలెంకు పన్నెండు సందులున్నయి. అవి మూస్తే ఈ మంట గూడ ఊపిరాడక చస్తది, ఇంకో నాలుగు దినాలు కొమురవ్వ నిలవడే పని లేదు. ఇంతే నా తెలివి. మేడంను అడగలే. అడిగితే వద్దంటదని తెలుసు.

"మేడంకు చెప్పినవా?" అన్నది కొమురవ్వ.

"ఆమె ఎన్నడన్న ఆవం కాల్చిందా?"

"అది నిజమే" అన్నది. ఆమెది గూడ కుమ్మరి పుట్టుకే గద.

ఆమె నిమ్మకాయలంత ముద్దలు చేసి ఇచ్చింది, నేను మూసుకుంట పోయిన. పదకొండు మూసిన. పన్నెండోది గోలెం ఎనుక, రాతిగోడ దిక్కు. మూరెడు సందు. నా పొట్ట పట్టది.

"నువ్వు సన్నగున్నవ్. నువ్వు పో" అన్న.

నేనే పొమ్మన్న. ఆమె కొంగు నడుముకు చెక్కుకొని, ముద్ద పట్టుకొని, పక్కకు తిరిగి దూరింది.

పైన మైకుల మేడం అరిసింది. "ఉప్పలయ్య గారూ, సందులు మూయకండి! గ్యాస్ నడిమికి పోతున్నది! తియ్యండి, తియ్యండి!" టీవీల గుట్టలెక్క ఉండే గీత సూదిలెక్క లేశిందట. గప్పటికే కొమురవ్వ పన్నెండోది మూసింది.

మా ఆవంల మంట బయటి గాలి మీద బతుకుతది. చుక్క అట్ల కాదు. దాని చుట్టున్న గాలే దాని తిండి. ఆ సందులకెల్లి ఇంత ఇంత బయటికి పోబట్టే లోపట కొంచెం ఆగి ఆగి కాలేది. నేను మూసేసరికి ఎటు పోనికి తొవ్వ లేక గాలంత నడిమికి ఒరిగి, ఇరుకై, ఒక్కపారి అంటుకున్నది. నెలల కొద్ది కాలాల్సింది పావుగంటల కాలింది. అంత కాలం ఏడికెల్లి గుంజుకోవాలె? గోడకు, గోలెంకు నడుమ ఒక మనిషి ఇరుక్కొని ఉండె.

గోలెం గోడ తెల్లగ, దీపంమీది కాగితమోలె అయింది. నేను చెయ్యి ఏసి ఆమె జబ్బ అందుకున్న. గుంజుతాంటే ఆమె జబ్బ నా చేతిల సన్నబడుతున్నది. గాజులు ఒక్కొక్కటే జారి కింద పడుతున్న సప్పుడు ఇనపడ్డది. మొత్తానికి బయటికి తీసిన. ఎంటికలు నడుము దాటి మోకాళ్ళ దాక పెరిగి, పత్తోలె ఉన్నయి. నన్ను జూసి గుర్తువట్టలే. నేను గూడ గట్లనే అయిన గద.

"ఎవలయ్యా నువ్వు?" అన్నది.

"నేనే" అన్న. గొంతు ఇని గుర్తువట్టింది.

దవాఖానల నాకు డెబ్బై తొమ్మిది చెప్పిన్రు, ఆమెకు ఎనభై అయిదు. నెల మిగిలిద్దామని పోయి నలభై ఏండ్లు పోగొట్టిన.

కాత్యాయని మేడం కొలువు ఇడిసింది. ప్రతి ఐతారం మా ఇంటికచ్చేది. మొదటిసారి అచ్చినప్పుడు కొమురవ్వ కాళ్ళ మీద తలపెట్టి లేవలే.

"ఏడ్వకు. నీ చుక్కలన్న మంచిగ కాలినయా?" అన్నది కొమురవ్వ.

"కాలినయమ్మా. నేను ఎతుకుతున్నదే కనపడ్డది. తొవ్వ లేక నడుమ ఇరుకైతేనే అట్ల అంటుకుంటది."

"ఇప్పుడెట్లున్నది లోపట?"

"గాలి ఒడిసింది. ఇంక అండ్ల కొత్త చుక్క పుట్టది. ఉన్నయి మాత్రం ఎర్రగ, సన్నగ ఎలుగుకుంట ఉంటయి. చానా కాలం ఉంటయి. ఆకాశంల గూడ అసొంటియి మస్తున్నయి."

"అయితే నాసొంటియే" అన్నది కొమురవ్వ. తర్వాత నా దిక్కు తిరిగి, "ఇన్నేండ్లు నాకంటె పెద్దోన్నని పెత్తనం చేసినవ్ గద. ఇప్పుడు నేను నీకు ఆరేండ్లు పెద్ద. రోజు పొద్దుగాల దండం పెట్టాలె" అన్నది. నేను నిజంగనే పెట్టిన. నవ్వి నవ్వి దగ్గచ్చింది.

ముసలితనం కంటె ఆమెను వేరే బాధ తిన్నది. చానా దినాలకు చెప్పింది. "ముసలోళ్ళు గడపల కూసొని ఏం చేస్తరయ్యా? అయిపోయినయి యాది చేసుకుంటరు. నేనేం యాది చేసుకోవాలె? నలభై నాలుగు కాడ్నే అయిపోయె. తర్వాతది నా పానం కర్సైంది గని, నేనేం సూసిన?"

తెల్లారి ఆమె పక్కన మంచం ఏసుకొని మొదలుపెట్టిన. "నలభై ఆరో ఏడు నీకు. ఆ ఏడు వానలు మంచిగ పడ్డయి. ఇంటికి కొత్త పెంకులు ఏసినం." ఆమె కండ్లు మూసుకొని ఇన్నది. "ఎవలు ఏసిన్రు పెంకులు?" అన్నది. చెప్పిన.

గట్ల రోజుకు ఒక ఏడు. పుష్పా, నీకు రెండో కాన్పుల కొడుకు పుట్టిండు నాలుగో ఏడు. నీకింక పుట్టలే గని, ఆమెకు చెప్పిన దాంట్ల పుట్టిండు. తొమ్మిదో ఏడు మేడారం జాతరకు పోయినం, జనంల ఆమె తప్పిపోయింది.

"తప్పిపోతే నేనేడ్వ, నువ్వే ఏడ్సి ఉంటవ్" అన్నది.

"అవు, ఏడ్సిన."

"నాకు పండ్లు ఒక్కపారే ఊడినయా, ఒక్కటొక్కటా?"

"ఒక్కటొక్కటే." ఏ పన్ను ఏ ఏడు ఊడిందో, ఏం కొరుకుతాంటే ఊడిందో చెప్పిన. ఆమె నాలిక తోని చిగురు తడుముకుంట ఇన్నది.

ఇరవై అయిదో ఏడు చెప్పినంక నా మీద కోపానికచ్చింది. "అన్ని మంచియే చెప్తున్నవ్. కొట్లాట లేని సంసారం యాడన్న ఉంటదా? నువ్వు అబద్ధాలు చెప్తున్నవ్. నేను నమ్మ."

అందుకే ఇరవై ఆరో ఏట కొట్లాట పెట్టిన. ఆమెకు చెప్పకుంట నేను సారెను పట్నం హోటలోళ్ళకు అమ్మినట్టు, వాళ్ళు దాన్ని బల్ల చేసుకొని చాయలు పెట్టుకున్నట్టు చెప్పిన. ఆమె మంచంల లేశి కూసున్నది. కండ్లు మెరుస్తున్నయి.

"మా మామ సారె అది! నన్నొక మాట అడగవా? ఎన్నడన్న అడిగినవా నువ్వు?"

"కాళ్ళు నొస్తున్నయని నువ్వే అంటివి..."

"నా కాళ్ళ ముచ్చట నీకెందుకు? నీతోని మాట్లాడ. మా తమ్మునింటికి పోతున్న. రేపచ్చి బతిమాలుకో. ఊకె రమ్మంటే రాను, మంచిగ బతిమాలాలె" అన్నది. అని గోడ దిక్కు మొకం తిప్పుకొని పండుకున్నది. ఎన్నో దినాలకు ఆమె ముచ్చటగ కోపం చేసుకుందని నా పానం నిమ్మలమైంది. ఏం మాటలు అనాలె, ఆమె తమ్ముని ఇంటికి చేతుల ఏం పట్టుకపోవాలె, ఎన్నోసారికి ఒప్పుకుంటది, అన్ని మనసుల మంచిగ కూర్చుకున్న.

తెల్లారి చాయ పట్టుకొని పోయి పిలిసిన. అటే తిరిగి ఉన్నది. బెట్టు చేస్తున్నదనుకొని, "తమ్మునింట్ల ఎన్ని దినాలుంటవే, ఇల్లు బోసిపోయింది, రావే" అని మొదలుపెట్టిన. చానా సేపు బతిమాలిన తర్వాత గని చెయ్యి పట్టుకొని సూడలే.